ఎర్ర గీత ఏ వైపు

నాయన గీసిన హంసల చీర అంచు ఒకే ఒక్క ఫ్లాపీలో మిగిలింది. కంప్యూటర్లో ఉన్న నకలు ఎండాకాలం కరెంటు హెచ్చుతగ్గులకు పాత హార్డ్ డిస్కుతో పాటే పోయింది. ఆ అంచు నేయడానికి మగ్గానికి వేసే చిల్లుల అట్టలు చినిగిపోయాయి. కొత్త అట్టలు కొట్టించాలంటే ఆ ఫ్లాపీ తెరుచుకోవాలి. నాయన లేడు, అట్లాంటి అంచు మళ్లీ గీసేవాళ్లూ లేరు.

ధర్మవరంలో మా డిజైన్ గదిలోని ఫ్లాపీ డ్రైవ్ కూడా అప్పుడే చెడింది. పాత సామాన్ల అంగట్లో ఇంకోటి దొరికితే తెచ్చి, కంప్యూటర్ మూత విప్పి నేనే కూర్చున్నాను. తగిలించాల్సినవి రెండే. నాలుగు తీగల తెల్ల పిన్ను కరెంటుకు. వెడల్పాటి బూడిదరంగు పట్టీ కేబుల్ ఒక కొస మదర్‌బోర్డుకు, తీగలు మెలిపెట్టి ఉన్న రెండో కొస డ్రైవ్‌కు. పట్టీ అంచున ఉన్న ఎర్ర గీత ఒకటో పిన్ను వైపు రావాలి. ఈ డ్రైవ్ మీద అంకెలు చెరిగిపోయాయి, కేబుల్ ఎటు తిప్పినా దూరుతోంది. పాతదానికి ఉన్నట్టే ఎర్ర గీతను కరెంటు పిన్ను వైపు పెట్టాను.

ముందు ఫ్లాపీ లేకుండా ఆన్ చేసి చూద్దామనుకున్నాను. అంతలో అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది.

"పడుగు దారాలు లేకుండా ఉత్త మగ్గం ఎవరన్నా మొదలుపెడతారా? మీ నాయనది పెట్టి ఆన్ చెయ్యి."

"ఇది మగ్గం కాదు గదమ్మా."

"మగ్గానికి అట్టలు కొట్టేది ఇదే గదా."

అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. డ్రైవ్‌కు బొట్టు పెట్టింది. ఫ్లాపీ పెట్టి ఆన్ చేశాను.

లైటు వెలిగింది. క్షణంలో ఆరిపోవాలి, ఆరలేదు. లోపల గిరగిరా తిరుగుతూనే ఉంది. కేబుల్ తిరగబడితే లైటు ఆరదని, లోపలున్న ఫ్లాపీని డ్రైవ్ చెరిపేసినా చెరిపేస్తుందని నాయనే చెప్పేవాడు. స్విచ్ కట్టేశాను.

"నాయన అంచు పోయిందేమో" అన్నాను. అమ్మ నిలబడిన చోటే కూలబడింది.

ఫ్లాపీ తీసి, కేబుల్ తిప్పి పెట్టి, మళ్లీ ఆన్ చేశాను. లైటు వెలిగి ఆరింది. ఇక ఫ్లాపీ పెట్టడమే మిగిలింది, చేయి రావడం లేదు. పెట్టనంతసేపూ అంచు అందులో ఉన్నట్టే కదా అనిపించింది. చేతిలో అటూ ఇటూ తిప్పుతుంటే మూలన తెరిచి ఉన్న కన్నం కనబడింది.

అక్కడి చిన్న బిళ్లను జరిపి కన్నం తెరిచి ఉంచితే, ఆ ఫ్లాపీ మీద ఏ డ్రైవూ రాయలేదు, చెరపలేదు. నాయన ప్రతి ఫ్లాపీకీ కన్నం తెరిచేవాడు. మరిచిపోయానేమోనని అన్నం మధ్యలో లేచి పోయి చూసి వచ్చేవాడు. ఇంత పిరికితనమైతే ఎట్లా అని అమ్మా నేనూ నవ్వేవాళ్లం.

ఫ్లాపీ పెట్టాను. తెర మీద హంసలు వరుసగా వచ్చాయి.

అమ్మ తెర దగ్గరికి వచ్చి చూసింది. "అన్నం కాడ లేస్తే ఎగతాళి చేస్తిమి గదా" అంది.

ఆ మధ్యాహ్నం అన్నం మధ్యలో నేను లేచి పోయి కన్నం చూసి వచ్చాను. అమ్మ నవ్వలేదు.