మొదటికి తిరిగి రాని పాట

పొద్దున మా ఆవిడ సుగుణ పోపు వేస్తుంటే ఆవాలు చిటపటమన్నాయి. పోపు వాసనకి అందరికీ ఆకలి గుర్తొస్తుంది. నాకు ఆ చప్పుడుకి ఎలెనార్ గారు గుర్తొస్తారు. ఆవిడ వాయించే హార్ప్సికార్డ్ సరిగ్గా అలాగే పలికేది. చూడటానికి పియానోకి బక్కచిక్కిన అక్కలా ఉంటుంది గానీ, లోపల సుత్తులు ఉండవు. మెట్టు నొక్కితే చిన్న ములుకు లేచి తీగని మీటి మళ్లీ కూర్చుంటుంది. ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెత్తగా నొక్కినా చప్పుడు దాదాపు ఒక్కటే. గొంతు పెంచితేనే మాట నెగ్గుతుందని నమ్మే నాలాంటివాడికి ఆ వాద్యం దగ్గర ఏం పని అని మీరు అడగవచ్చు. అదే చెబుతున్నాను.

ఎలెనార్ గారూ నేనూ కలిసి అమెరికాలో ఒక పెద్ద కచేరీ చేశాం. మూడు రాష్ట్రాల నుంచి జనం వచ్చారు. పాట అయ్యాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ కథ నేను చాలా పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో చెప్పాను. సుగుణ పక్కన ఉంటే మాత్రం చెప్పను. ఇది ఆవిడా చదువుతుంది కాబట్టి, వేదిక హెర్న్‌డన్ అనే ఊళ్లో ఒక చర్చి వెనక హాలనీ, మడత కుర్చీలే మా శ్రోతలనీ ఒప్పుకుంటున్నాను. చప్పట్ల సంగతి తర్వాత చెబుతాను.

రెండు వేల ఏడు ప్రాంతంలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. అమెరికన్ల ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం అదే భవనం మాకు ఇచ్చేవారు. ఎలెనార్ గారు వాళ్ల ఆరాధనలో ఆర్గన్ వాయించేవారు. డెబ్బై దాటిన మనిషి, పొట్టి తెల్లజుట్టు, ఎండాకాలంలోనూ స్వెట్టరు. అందరూ వెళ్లిపోయినా ఆవిడ ఇంటికి వెళ్లేవారు కాదు. వెనక హాల్లో పెట్టుకున్న తన సొంత హార్ప్సికార్డ్ ముందు కూర్చునేవారు. నేను కుర్చీలు వేయడానికి ముందుగా వచ్చేవాణ్ని. వారమంతా మందుల షాపులో కౌంటర్ వెనక సణుగుతూ బతికినవాణ్ని, ఆదివారం ఆ ఖాళీ హాల్లో గొంతు విప్పి కీర్తన అందుకునేవాణ్ని. ఒకరోజు నేను పాడుతుంటే కింద నుంచి ఏదో నా గొంతుని మోయడం మొదలుపెట్టింది. తిరిగి చూస్తే ఆవిడ ఎడమ చెయ్యి నా పాట కింద నడుస్తోంది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు.

"మా కోనసీమలో మేడమ్. అక్కడ నేను పెద్ద పేరున్న గాయకుణ్ని."

కోనసీమలో నేను మా చర్చి క్వయిర్‌లో రెండో వరసలో, స్తంభం వెనక నిలబడేవాణ్ని. ఆవిడ నా మాట నమ్మారో లేదో తెలియదు. "నాకొక గొంతు కావాలి, మిస్టర్ దానం. నా వేళ్లు బిగుసుకుపోతున్నాయి. అవి పూర్తిగా ఆగేలోపు ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా వినాలని ఉంది" అన్నారు. నా పూర్తి పేరు దేవదానం. ఆవిడ నోట సగమే పలికేది.

ఆ పాట మూడు వందల ఏళ్ల నాటిది, ఇటాలియన్‌లో ఉంటుంది. రేవులో నిలబడినవాడు పడవ ఎక్కే మనిషితో "ఉండు, కాసేపు ఉండు" అంటాడు. అది మొదటి భాగం. రెండో భాగంలో పడవ వెళ్లిపోతుంది, గాలి లేస్తుంది, స్వరం మారిపోతుంది. అక్కడ కాగితం మీద "దా కాపో" అని రాసి ఉంటుంది. మళ్లీ మొదటికి వెళ్లమని అర్థం. వెళ్లి, మొదటి భాగమే ఇంకోసారి పాడి ముగించాలి. ఆవిడ కాగితం చూస్తే నాకు జాలేసింది. కింది స్వరాల వరస ఒక్కటే ఉంది, వాటి కింద ఏవో అంకెలు. మిగతాదంతా వాయించేవాళ్లు ఆ అంకెలను బట్టి అప్పటికప్పుడు అల్లుకోవాలట. దాన్ని కంటిన్యువో అంటారు.

"అంటే మా పక్కవాద్యం లాంటిదా?" అన్నాను.

"పక్కన కాదు, కింద. మీరు ఎక్కడికైనా వెళ్లండి, ఎంతసేపైనా ఊపిరి తీసుకోండి. నేను కింద నడుస్తూనే ఉంటాను. ఆగను."

మొదటి రోజే నా విద్వత్తు చూపించాను. "ఉండు" అన్న మాట మీద ఒక సంగతి, దాని మీద ఇంకో సంగతి, చివర ఒక పొడవాటి గమకం. చిటపటలు ఆగిపోయాయి. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"అదేమిటి?"

"సంగతులు మేడమ్. పాటకి నగలు."

"చాలా బాగున్నాయి. దాచుకోండి. మొదటిసారి సాదాగా పాడాలి. నగలు, మొదటికి తిరిగి వచ్చినప్పుడు."

"మా పాటల్లోనూ పల్లవికి తిరిగి వస్తాం. ఇందులో కొత్తేముంది?"

"అయితే మీకు తెలిసే తొందరపడుతున్నారు" అని నవ్వారు. తర్వాత మెల్లగా అన్నారు: "మొదటిసారి 'ఉండు' అన్నప్పుడు ఆ మనిషి ఎదురుగా ఉంది. రెండోసారి అన్నప్పుడు రేవు ఖాళీ. మాటలు అవే. పాడేవాడు వేరే మనిషి అయిపోయాడు. నగలు పెట్టేది అందుకు. అందం కోసం కాదు."

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు మేము రెండో భాగం చివరిదాకా వెళ్లి ఆగిపోయేవాళ్లం. "ఇంకా కాదు" అనేవారు. ఒక్కోసారి నా తొందర కారణం, ఒక్కోసారి ఆవిడ వేళ్లు. నేను మాత్రం తిరిగి వచ్చే భాగం కోసం కారులో రెడ్‌లైట్ పడిన ప్రతిచోటా సంగతులు తయారుచేసుకుంటూనే ఉన్నాను. సుగుణ విసుక్కునేది: "ఏవండీ, ఆ పాటకి చివరంటూ లేదా? సగం వంకాయ తరిగి లేచిపోయినట్టు రోజూ అక్కడే ఆపేస్తారేం?"

ఒక అక్టోబరు ఆదివారం ఎలెనార్ గారు నన్ను చూడగానే వేళ్లు ఆడించి చూపించారు. "ఇవాళ మాట వింటున్నాయి" అన్నారు. మొదటి భాగం సాదాగా పాడాను. రెండోది అంత బాగా నేనెప్పుడూ పాడలేదు. చివరి స్వరం దగ్గర ఆవిడ ఆగలేదు. కింది వరస మీద అలాగే నడుస్తూ నా వైపు చూసి, "వెళ్దాం. మొదటికి" అన్నారు.

అప్పటికే మా వాళ్లు రావడం మొదలైంది. ఎవరో పిల్లవాడు బిర్యానీ ట్రే పట్టుకుని తలుపు తోసి "అంకుల్, ఇది ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. నాకు వచ్చే ఆదివారం గుర్తొచ్చింది. అది మా కోత పండుగ. మేరీల్యాండ్ నుంచి కూడా కుటుంబాలు వస్తాయి, మైకు ఉంటుంది, వీడియో తీస్తారు. ఏడాదిగా దాచుకున్న సంగతులు ఒక బిర్యానీ ట్రే ముందు ఖర్చుపెట్టడమా?

"వచ్చే వారం చేద్దాం మేడమ్. హాలు నిండుతుంది. ఇప్పుడు వినేవాళ్లు ఎవరున్నారు?"

"నేను వింటున్నాను" అన్నారు.

అదేదో జోకు అయినట్టు నవ్వి, పిల్లవాడి చేతిలో ట్రే అందుకున్నాను. కింది వరస ఇంకాసేపు ఒంటరిగా నడిచి ఆగింది. "సరే. వచ్చే వారం" అంటూ ఆవిడ మూత దించారు.

వచ్చే వారం ఆవిడ రాలేదు. మధ్యలో బుధవారమో గురువారమో పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది. మేనకోడలు ఆవిడని తన ఊరు రిచ్‌మండ్ తీసుకెళ్లిపోయింది. పండుగ రోజు మా వాళ్లు తెలియక హార్ప్సికార్డ్ మీద పేపరు ప్లేట్ల కట్టలు పెట్టారు. నేనే తీసి పక్కన పెట్టాను. ఆరోజు నేనేమీ పాడలేదు.

తర్వాత నేను రిచ్‌మండ్ వెళ్లాను. మంచం పక్కన నిలబడి పాటంతా పాడాను, తిరిగి వచ్చే భాగంతో సహా. నర్సులు తలుపు దగ్గర గుమిగూడారు. ఆవిడ ఎడమ చెయ్యి దుప్పటి మీద కింది వరస వాయించింది.

లేదు. వెళ్లలేదు. రెండు గంటల దూరం. మంచు తగ్గాక అనుకున్నాను, షాపులో సెలవు దొరికాక అనుకున్నాను. ఫోను మాత్రం చేశాను, ఒక్కసారి. మాట కొంచెం ముద్దగా వచ్చింది గానీ మనిషి ఆవిడే.

"మీ పండుగ ఎలా జరిగింది, మిస్టర్ దానం? మొదటికి వెళ్లారా?"

లేదని చెప్పడానికి నోరు రాలేదు. "వెళ్లాను మేడమ్. మూడు రాష్ట్రాల నుంచి జనం వచ్చారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు" అన్నాను. నేను పెళ్లిళ్లలో చెప్పే కచేరీ అదే. మొదటిసారి చెప్పింది ఆవిడకే.

"బాగుంది. నేను వినలేకపోయాను, అంతే" అన్నారు.

ఆ చలికాలం దాటకుండానే పోయారు. తర్వాత ఎవరో వ్యాను తెచ్చి హార్ప్సికార్డ్ తీసుకెళ్లారు. సాదాగా మొదలుపెట్టి, నగలు తర్వాత పెట్టమని ఆవిడ నేర్పారు. నేను ఏది చెప్పినా నగలతోనే మొదలుపెడతాను. సాదా మాట దగ్గరికి వచ్చేసరికి వినాల్సిన మనిషి ఉండదు.

ఇవాళ పొద్దున ఆవాలు చిటపటమంటుంటే కూర్చున్నచోటే పాట అందుకున్నాను. మొదటి భాగం అయింది, రెండోది అయింది, అలవాటుగా ఆగిపోయాను. సుగుణ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకా ఉందిగా. పాడండి."

పాడాను. రెడ్‌లైట్ల దగ్గర తయారుచేసిన సంగతి ఒక్కటీ గొంతులోకి రాలేదు. "ఉండు, కాసేపు ఉండు" అన్నది కాగితం మీద ఎలా ఉందో అలాగే వచ్చింది. కింద నడిచే వేళ్లు లేవు కాబట్టి ఊపిరి తీసుకున్నచోటల్లా ఇల్లు నిశ్శబ్దంగా ఉండిపోయింది. చివరి స్వరం దాకా వెళ్లాను. లోపల పోపు మాడిన వాసన వస్తోంది. సుగుణ గుమ్మంలోంచి కదలలేదు.