సగం చుట్టు

మొన్న చంద్రపూర్ బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే ఎదురుగా గోడంత ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. జాతీయ అథ్లెటిక్స్ పోటీలు ఈసారి మన ఊరి పక్క స్టేడియంలోనేనట. ఎర్రటి ట్రాక్ మీద పరిగెత్తే అమ్మాయి బొమ్మ ఒకటి, ఆ అమ్మాయికి ఊపిరాడకుండా చుట్టూ చేతులు జోడించిన నాయకుల బొమ్మలు ఓ పదిహేను. మరాఠీలో రాసిందంతా ఒకటికి రెండుసార్లు చదివేసరికి రెండు ఆటోలు వెళ్ళిపోయాయి. మన ఈడు వాళ్ళకు పాత సంగతులు గుర్తొస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయంటారు. నాకు ఏమీ కాలేదు. ఈ ఒక్క విషయంలో నాకు ఏమీ అనిపించక ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి చెబితే, అయిదు వేల మీటర్లున్న రోజు ఇద్దరం పోయి చూసొద్దాం అంది.

అప్పట్లో మేము చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు గనిలోపల టబ్బుల్లో, అంటే పట్టాల మీద నడిచే ఇనప తొట్లలో, బొగ్గు నింపే లోడరు. నేను పదో తరగతి ఎలాగో గట్టెక్కి అదే గనిలో టబ్బుల మున్షీగా చేరాను. ఏ జట్టు ఎన్ని టబ్బులు నింపిందో చూస్తూ పలక మీద సుద్దతో గీతలు గీయడం, షిఫ్టు అయ్యాక వాటిని పుస్తకంలోకి ఎక్కించడం, ఇదే నా పని. పైకి వచ్చాక లోడర్లందరి మొహాలూ ఒకేలా ఉండేవి, మా బాపును నేను దగ్గును బట్టి గుర్తుపట్టేవాణ్ణి. షిఫ్టు ముగిసే కూత పడేసరికి ప్రతి జట్టుకూ ఒక టబ్బు సగంలోనే ఉండిపోయేది. రూలు ప్రకారం అది లెక్కకు రాదు. కానీ సగం టబ్బుకు కూడా నిండు గీత గీయడం మా గనిలో ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ, పై దొరలకు తెలిసినా తెలియనట్టే ఉండేవారు. నేను చేరిన మొదటి రోజే బాపు నన్ను పక్కకు పిలిచి, "సగం నింపినోనికి గూడ చెమట కారింది గదరా, గీత గియ్యి" అన్నాడు. అయిదేళ్ళు అలాగే గీశాను. ఆలోచించే పని లేకుండా చెయ్యి దానంతటదే గీసేది.

చెల్లెలు నాకంటే మూడేళ్ళు చిన్న. పవర్ హౌస్ బూడిద పోసి చదును చేసిన మైదానంలో పొద్దున్నే పరిగెత్తి మోకాళ్ళ దాకా నల్లగా ఇంటికొచ్చేది. గనిలకు పోయేది మీ బాపా నువ్వా అని అవ్వ ఎగతాళి చేస్తూనే కాళ్ళకు వేడినీళ్ళు పోసేది. నేను అదే పలక పట్టుకుని గీత దగ్గర నిలబడి, ఇంకా ఎన్ని చుట్లున్నాయో సుద్దతో రాసి చూపించేవాణ్ణి. తను పరుగులో ఉంటే లోకం పట్టేది కాదు, నా పలక తప్ప ఏదీ చూసేది కాదు. రాష్ట్ర పోటీల్లో పది వేల మీటర్లు గెలిచింది కూడా అలాగే. పది వేలంటే నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద సరిగ్గా ఇరవై అయిదు చుట్లు, బయలుదేరిన గీత దగ్గరే ముగింపు.

ఆ రోజులెలాంటివో మీకు గుర్తుండే ఉంటుంది. దేశం తలుపులు తెరిచారని రేడియోలో ఒకటే ఊదరగొట్టేవారు, మా గని ఆఫీసు ముందు మాత్రం కొత్త భర్తీలు లేవని కాగితం అంటించి ఉండేది. ఇక టబ్బులుండవు, పెద్ద పెద్ద యంత్రాలతో భూమిని పైనుంచే తవ్వేస్తారు, లోడర్లను ఎటో పంపిస్తారు అని పుకారు. అలాంటప్పుడు ఒక సర్కారీ ఆఫీసు నుంచి ఆటల కోటా చూసే పెద్దమనిషి వచ్చి, జాతీయ పోటీల్లో మొదటి ముగ్గురిలో ఉంటే చెల్లెలికి నౌకరి ఖాయం అన్నాడు. నాలుగో స్థానమైతే తనేమీ చేయలేనని కూడా చెప్పాడు. బాపు ఆ మాటే పట్టుకున్నాడు. ఇంట్లో గుడ్డు ఉడికితే అది చెల్లెలిదే. నాకు కుళ్ళుగా ఉండేది, అబద్ధమెందుకు.

పది వేలలో పోటీ గట్టిగా ఉంది, అయిదు వేలలో అయితే పతకం దొరుకుతుందని కోచ్ ఆఖరి నెలలో దూరం మార్పించాడు. పోటీలు దక్షిణాన ఒక పెద్ద నగరంలో. బాపుకు సెలవు దొరకక నేనే వెంట వెళ్ళాను. ముగింపు గీతకు కాస్త అవతల, కంచె బయట పలకతో నిలబడ్డాను. అధికారులు చుట్లు చూపించే బోర్డు పరిగెత్తేవాళ్ళ వైపు తిరిగి ఉంది, నాకు దాని వీపే కనిపించేది. అయిదు వేలంటే పన్నెండున్నర చుట్లు. ఆ సగం ముందే అయిపోవాలి గనుక అమ్మాయిలు ఎదుటి వైపు నుంచి బయలుదేరి సగం చుట్టు తిరిగి మొదటిసారి నా ముందుకు వచ్చారు. అక్కడి నుంచి ఇంకా పన్నెండు నిండు చుట్లుండాలి. నా చెయ్యి ఆ సగానికి కూడా ఒక నిండు గీత గీసేసింది. పలక మీద పదకొండు అని రాశాను.

ఆ తర్వాత ప్రతి చుట్టుకూ ఒకటి తక్కువే చూపిస్తూ పోయాను. చెల్లెలు మూడో స్థానంలో, భుజాలు వదులుగా, హాయిగా పరిగెడుతోంది. రెండు చుట్లు మిగిలి ఉండగా నేను ఒకటి అని చూపించాను. తను పలక చూసింది, అంతే, దూసుకుపోయింది. మిగతా అమ్మాయిలు ఆశ్చర్యంగా చూశారు గానీ వెంటపడలేదు. నేను కంచె ఎక్కి అరుస్తున్నాను. తను అందరికంటే ముందు గీత దాటి, ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. అప్పుడు మోగింది గంట, చివరి చుట్టు మొదలైందని. ఒక అధికారి చేతులూపుతూ, "ఔర్ ఏక్ చక్కర్ బాకీ హై!" అని, ఇంకో చుట్టు ఉందని హిందీలో అరిచాడు. చెల్లెలు తల తిప్పి నా వైపు చూసింది. మళ్ళీ పరిగెత్తింది గానీ కాళ్ళల్లో ఏమీ మిగల్లేదు, ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు. ఏడో స్థానం వచ్చింది.

నాకు ఏడుపు రాలేదు. పలక తుడిచి సంచిలో పెట్టుకున్నాను. స్టేషన్‌లో పులిహోర పొట్లం కొనుక్కుని మొత్తం తిన్నాను, ఉప్పుందో లేదో చెప్పలేను. ఇంటికి చేరాక బాపు అడగకముందే చెల్లెలు, "నేనే తప్పు సూసిన బాపూ, అన్న రెండని రాస్తే ఒకటనుకున్న" అంది. నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. అంకె గుర్తుపట్టరాని దానికి పరుగెందుకని బాపు తిట్టిన తిట్లు పక్క క్వార్టర్ల దాకా వినిపించాయి. స్పైక్స్ బూట్లు సజ్జ మీదికి ఎక్కాయి. తను మళ్ళీ పోటీకి వెళ్ళలేదు. చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరి, తాత్కాలికం అనే మాట కిందే ఇరవై ఆరేళ్ళు పని చేసింది. బాపు పోయేదాకా ఆ తప్పు చెల్లెలిదే అనుకున్నాడు. నేను సిగ్గులేనివాడిలా ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

నిన్న ఇద్దరం స్టేడియానికి వెళ్ళాం. అమ్మాయిల అంకెల బిళ్ళల్లోనే చుట్లు లెక్కపెట్టే చిప్ ఉంటుందట, లెక్కంతా పెద్ద తెర మీద దానంతటదే పడుతుంది. అయిదు వేల అమ్మాయిలు ఎదుటి వైపు నుంచి బయలుదేరి సగం చుట్టు తిరిగి మా ముందుకు వచ్చారు. నా బొటనవేలు మోకాలి మీద, నాకు తెలియకుండానే, ఒక గీత గీసింది. చెల్లెలు దాని మీద చెయ్యి పెట్టి, "గది లెక్కకు రాదన్నా" అంది.

నీకు ఎరుకేనా అని అడిగాను.

"ఆ దినమే ఎరుక. గది బాపు నేర్పిన లెక్కనేనాయె. ఆయినకెట్ల చెప్పుదు?"

తను మళ్ళీ ట్రాక్ వైపు చూడసాగింది. టబ్బులు పోయాయి, పలకలు పోయాయి, ఆ గని నోరు కూడా ఎప్పుడో మూసేశారు. సగం చెమటకు నిండు గీత గీసే మనుషులు పోయారు, ఇప్పుడు తెర మీద లెక్క ఎవరి కోసమూ తప్పదు. గంట మోగింది. అది చివరి చుట్టేనని తెర కూడా చెబుతోంది, అయినా నేను చెల్లెలి మొహం చూసి గానీ నమ్మలేదు.