అమ్మ తల్లీ అన్న కోడి

ఆ రోజు శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటలు. నాకప్పుడు ఆరేళ్లు. గుడ్లు పొదుగుతున్న ఎర్రకోడికి అమ్మ నూకలు పెడుతూ, "తిను తల్లీ, చానా చిక్కిపోయావు" అంటోంది. నన్ను ఏనాడూ తల్లీ అనలేదు. కుళ్లుతో కోడి పక్కనే ముడుచుకుని కూర్చున్నాను, పిలిచినా కదల్లేదు.

"ఏందే, నువ్వూ పొదుగుకొచ్చావా?"

"ఊఁ. నాక్కూడా నూకలు పెట్టు."

"గుడ్లు లేకుండా పొదిగేదాన్ని ఏం చేస్తారో తెలుసా?" అంటూ ఎత్తుకెళ్లి నీళ్లతొట్టిలో ముంచింది. కోడికి పొదుగు మాన్పించే పద్ధతి అదే. పక్కింటి మస్తానమ్మ పిన్ని పడీపడీ నవ్వింది.

ఇన్నేళ్లకు ఇవాళ, పొదుగుకొచ్చిన నా కోడిని అలాగే ముంచితే తడి ఈకల వాసన కొట్టి ఆ రోజు గుర్తొచ్చింది. ముంచిన కోడిని అమ్మ ఎండలో వదిలేసేది. నాకు మాత్రం కొంగుతో తల తుడిచింది. అది అప్పుడు నాకు పట్టలేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ల పేర్లు రాయాలంటే అమ్మ, మస్తానమ్మ పిన్ని, నేను. కోడిని మాత్రం రాయను, ఆ కుళ్లు ఇంకా పోలేదు.