మలుపు తిరగని బండిలో నాందేడ్ యాత్ర

ముందే చెప్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. చీమను చూస్తే ఎలుకంటాను, ఎలుకను చూస్తే పందికొక్కంటాను. ఊళ్లో అందరూ నా మాటను మూడో వంతుకు దించుకునే వింటారు. మీరూ అలాగే దించుకోండి. నా కోపాన్ని మాత్రం దించకండి, దాని తూకం సరైనదే.

మాది నాందేడ్ జిల్లాలో హిమాయత్‌నగర్ దగ్గరి పల్లె. నాలుగేళ్ల కింద నా ఎడ్ల జతను పక్కింటి పోశెట్టికి అమ్మి ఒక పాత పికప్ కొన్నాను. కొనేనాటికే అది ముసలిది. దాని తలుపు మూయాలంటే ఇద్దరు కావాలి, ఒకరు లోపలినుంచి లాగాలి, ఒకరు బయటినుంచి దండం పెట్టాలి. తారు రోడ్డు నుంచి మా ఊరికి వచ్చే బాట నల్లరేగడి. వానాకాలంలో ఆ మట్టి చెప్పును పట్టుకుందంటే చెప్పు దానికే వదిలేసి రావాలి. బండి దిగబడ్డప్పుడల్లా పోశెట్టి వచ్చి, మోకు కట్టి, ఎడ్లతో లాగిస్తాడు. ఏ ఎడ్లు? నేనమ్మినవే! వాటిని అమ్మి కొన్న బండిని అవే లాగాలి. భూమ్మీద ఏ బండికైనా ఇంత అవమానం జరిగిందా? పైగా ఒకసారి పోశెట్టి ఊరందరి ముందు అన్నాడు: "ఎడ్లనమ్మి బండి కొన్నవ్, బండికి మళ్ల ఎడ్లే కావాలె. ఇదేం యాపారం, అన్నా?"

పెద్ద టైర్లు వేయించాలని ఆ మాటతోనే తీర్మానించాను. బండి ఎత్తయితే రేగడికి దాని కడుపు అందదు కదా.

వాన తెరిపిచ్చింది పొలాల అమావాస్య నాడే, అంటే ఎడ్ల పండగ నాడే. తెల్లవారకముందే బయలుదేరాం. నా భార్య లక్ష్మి కూడా ఎక్కింది, నాందేడ్‌లో ఎడ్లకు కొత్త గజ్జెలు కొనడానికి. ఎడ్లు పోశెట్టివే అయినా ఆ పండగనాడు వాటికి మొదటి పోలె, అదే బొబ్బట్టు, లక్ష్మి చేతిదే. అమ్మేటప్పుడు ఆమె పెట్టిన షరతు అది. రాత్రే పోలెలు చేసి పెట్టి వచ్చింది. పొద్దుగూకకముందే ఇల్లు చేరాలని ఆమె పంతం, ఎడ్ల సాయం లేకుండా చేరాలని నా పంతం. అసలు ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. రాజు వచ్చి అడిగినా పెట్టరు.

ఈ దారిన వెళ్లేవాళ్లు చాయ్ సగం దారిలో వచ్చే భోకర్‌లోనే తాగండి. బండి కదిలాక తాగితే, ఆ గుంతల దయవల్ల, చాయ్ మీ చొక్కా తాగుతుంది. మేం నాందేడ్ చేరేసరికి పది దాటింది.

టైర్ల దుకాణం ఉస్తాద్ బండి చుట్టూ తిరిగి, బాడీని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేస్తే తప్ప ఇంత పెద్ద టైరు కుదరదన్నాడు. ఈ పాత బండికి ఆ సామాను దొరకదని కూడా అన్నాడు. లేపకుండానే వేయమన్నాను. మడ్‌గార్డు లోపలి రేకు అంచులు కోసి, మిగిలినదాన్ని సుత్తితో వెనక్కి వంచాడు. ఆ దెబ్బలకు గోదావరి అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. టైర్లు ఎక్కాక బండి ఎంత ఎత్తయిందంటే, సీట్లో కూర్చుంటే నాకు భోకర్ కనిపించింది.

"సీదా పోతే కుచ్ నై, సేఠ్. మలిపితే జర తాకుతది," అన్నాడు ఉస్తాద్.

జర! ఆ మాటను ఏ తక్కెడలో తూచాలి? దుకాణం వాకిట్లోనే స్టీరింగ్ సగం తిప్పానో లేదో, ముందు చక్రం రేకుకు రాసుకుని గుర్రుమంది. ఇంత పెద్ద ఊరు కట్టినవాళ్లలో ఒక్కరికైనా తట్టలేదా, మలుపు తిరగలేని మనిషి కూడా ఈ దేశంలో ఉంటాడని? గజ్జెల దుకాణం సందులో ఉంది. సందులోకి తిరగలేక లక్ష్మిని దించి, ముక్కుకు సూటిగా పోయి ఊరి చివర ఆగాను. ఆమె గజ్జెలు కొనుక్కుని ఆటోలో వచ్చి నన్ను కలుసుకుంది.  బండెక్కి నా చెవి దగ్గర గజ్జెలు మోగించింది.

భోకర్‌లో ఒక ముసలాయన హిమాయత్‌నగర్ దాకా వస్తానని ఎక్కాడు. ఆయన్ను పైకెక్కించడానికి నలుగురు పట్టారు. ప్రతి మలుపులో కింద అరుపు. చివరికి ఆయన అడిగాడు:

"దాదా, కింద మేకను గిట్ల కట్టేసినవా?"

"మేక గాదు కాకా, ఈయన పంతం," అంది లక్ష్మి.

ఆయన్ను దించి, తారు రోడ్డు వదిలి మా మట్టి బాటలోకి దిగేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. కొంత దూరం నేను చక్రవర్తిని. బండి దిగబడలేదు, రేగడి మీద తేలింది. తర్వాత ముందు చక్రాలు తిరగడం మానేశాయి. మట్టి టైరుకూ, వంచిన రేకుకూ మధ్య దూరి సిమెంటులా బిగిసింది. ఊళ్లో డప్పులు వినిపిస్తున్నాయి. లక్ష్మి ఊరివైపు చూసింది.

"పోలెలు పెట్టకముందే ఎడ్లను కొట్టంల కడితే, ఈ బండిని నేనే అగ్గిల పెడ్త," అంది నెమ్మదిగా.

ఎడ్ల ఊరేగింపు మా బాటకే వచ్చింది; డప్పుల వెనక నుంచి పోశెట్టి వచ్చాడు. కొమ్ములకు రంగులు, వీపుల మీద ఝూల గుడ్డలతో నా ఎడ్లు, అంటే అతని ఎడ్లు, వెంట ఉన్నాయి. ఆ రోజు సంగతి తెలిసీ సిగ్గు చంపుకుని అడిగాను, ఒక్కసారి లాగించమని.

"ఇయ్యాల కాడి పెట్టం గద, అన్నా," అన్నాడు.

ఎడ్లను తుమ్మచెట్టుకు కట్టేశాడు. బండిలో పడున్న కొడవలీ మోకూ తీసి, చక్రాల మట్టి గీకాడు. మోకు బండికి కట్టి, ఒక కొస తన భుజానికి వేసుకుని, రెండోది నాకిచ్చాడు.

"రా. ఇయ్యాల మనమే ఎడ్లం. వదినె, నువ్వు సీదా పట్టు."

లక్ష్మి స్టీరింగ్ పట్టుకుంది. డప్పులవాళ్లు వెనకనుంచి నెట్టారు. మేం లాగాం. మేం ఆగినప్పుడల్లా ఆమె కిటికీలోంచి కొత్త గజ్జెలు మోగించేది. ఎడ్లు నెమరు వేస్తూ మమ్మల్ని చూశాయి. వలపటెద్దు నవ్విందని నా నమ్మకం.

పొద్దు ఇంకా ఉండగానే ఊళ్లోకి చేరాం. పోశెట్టి వెనక్కి పోయి ఎడ్లను విప్పి తోలుకొచ్చాక, లక్ష్మి కాళ్లు కడుక్కుని వాటికి పోలెలు పెట్టి గజ్జెలు కట్టింది. ఆ తర్వాత మా ఇద్దరి చేతుల్లో చెరొకటి పెట్టి, "లాగినోళ్లు గుడ తినాలె," అంది.

ఇక లెక్క దించుకోండి. కొంగలు, భోకర్ కనిపించడం, ఎద్దు నవ్వు, ఇవన్నీ పెంచినవే. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే: పోశెట్టి ఊరందరి ముందు నన్ను దెప్పిన మాట. అతను ఎన్నడూ అనలేదు. ఎన్నిసార్లు లాగించినా మోకు విప్పి, చుట్ట చుట్టుకుని, ఎడ్ల వెనక వెళ్లిపోయేవాడు. ఆ మాట నేనే అనుకునేవాణ్ణి, అతని గొంతుతో.