కొల్లేటి నడుమ ఇల్లు

కొల్లేటి నడుమ నాకొక ఇల్లుంది. నమ్మకపోతే కంప్యూటర్ తెరిచి చూసుకోండి, జపాన్‌లో కూర్చున్నవాడికైనా కనిపిస్తుంది. చుట్టూ నీళ్ళు, కిక్కిస దుబ్బులు. పొద్దున్నే గూడబాతులు నా ఏరియల్ మీద వాలి రెక్కలార్చుకుంటాయి.

గూడబాతుల మాట తీసేయండి. ఇంటి మాట కూడా కాస్త సాగదీశాను. నేనుండేది ఏలూరులో, రైలు పోతే గిన్నెలు కదిలే డాబాలో. బడిపంతులుగా రిటైరయ్యాక పరీక్ష రాసి, ఇంట్లోంచే గాలిలో ఊళ్ళవాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియోకి లైసెన్సు తెచ్చుకున్నాను. డాబా మీద ఏరియల్, కింద గదిలో చిన్న పెట్టె. ఈ చుట్టుపక్కల హామ్ మిత్రులు రేడియో వెంటబెట్టుకుని తిరుగుతుంటే, అది కాసేపటికోసారి “ఇక్కడున్నాను” అని గాలిలోకి కబురు వేస్తుంది. నా పెట్టె దాన్ని పట్టి ఇంటర్నెట్టుకి అందిస్తుంది. పటం మీద ఆ మనిషి చుక్కగా కనిపిస్తాడు. నా స్టేషనుకేమో ఇంటి బొమ్మ. అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాల అంకెల్లో నేనే చెప్పాలి. మొదటిరోజే ఒక అంకె తప్పు కొట్టాను. ఇల్లు వెళ్ళి కొల్లేట్లో పడింది.

దిద్దడం ఎంతసేపు? దిద్దలేదు. సాయంత్రం దీపం వెయ్యకుండా తెర ముందు కూర్చుంటే, ఆ నీలం మధ్య నా ఇల్లు మెల్లగా ఊగుతున్నట్టుండేది. గుర్రపుడెక్క పూలు గుమ్మం దాకా వచ్చేవి. కునుకు తీస్తున్నానో, తేలుతున్నానో తెలిసేది కాదు.

తాడేపల్లిగూడెంలో ఒక మిత్రుడున్నారు. ఉల్లిపాయల వ్యాపారం కొడుకులకి అప్పగించి నాలాగే రేడియో పట్టినవారు. ముఖాలు చూసుకోలేదు. రోజూ సాయంత్రం గాలిలోనే కబుర్లు. ఆ కాసేపటి కోసమే నాకు మిగతా రోజంతా గడిచేది. ఆయన ఒకసారి పటం చూసి, “మాస్టారూ, నీళ్ళలోనే కాపురమాండీ?” అన్నారు. “మరేనండీ, పిట్టలతోపాటే లేస్తాం” అన్నాను. ఆయనకి ముచ్చటేసింది. నాకు ఆపబుద్ధి కాలేదు.

ఓ ఆదివారం ఆయన చుక్క గూడెంలో బయలుదేరింది. చెప్పకుండా వస్తున్నారని మురిసిపోయాను. భీమడోలు వైపు రావాల్సిన చుక్క గణపవరం వైపు తిరిగింది. నిడమర్రు దాటింది. చేపల చెరువుల గట్ల మీద వంకర్లు పోయింది. తర్వాత బాగా నెమ్మదించింది. దోనె ఎక్కారన్నమాట.

పిలిచి చెప్పొచ్చు. మైకు చేతిలోనే ఉంది. చెబితే నా కోతలన్నీ బయటపడతాయి, రేపటినుంచి నా సాయంత్రాలు మూగబోతాయి. మీట నొక్కలేకపోయాను. నీళ్ళ మీద ఎండ జరిగినట్టు ఆ చుక్క జరుగుతూ జరుగుతూ వచ్చి నా ఇంటి మీద ఆగింది. నిజంగానే ఎవరో గుమ్మంలోకి వచ్చినట్టు లేచి నిలబడ్డాను.

రేడియో పలికింది. “మాస్టారూ, మీ ఇంటి మీదే ఉన్నానండీ. తలుపెటుందండీ?”

“నేను... ఏలూరులో ఉన్నానండీ.”

“ఎప్పట్నుంచండీ?”

“మొదట్నుంచీనండీ.”

అంతే! ఆయన నవ్విన నవ్వుకి కొల్లేట్లో గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ సాయంత్రమే మోకాళ్ళ దాకా బురదతో మా ఇంటికొచ్చి, పెసరట్లు తిని, నా అంకె తన చేత్తోనే దిద్ది వెళ్ళారు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. వంకాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట మీంచే తలెత్తింది.

“ఎక్కడ నవ్వారండీ ఆయన? రేడియో ఠక్కున కట్టేసి అట్నుంచటే గూడెం వెళ్ళిపోయారు. నెల్లాళ్ళు మీరు గొంతు చించుకున్నా పలకలేదు. నేను వాళ్ళావిడకి ఫోన్ చేసి బతిమాలుకుంటే వచ్చారు. పెసరట్లు కాదు కదా, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ‘ముందు ఆ అంకె దిద్దండి మాస్టారూ’ అని గుమ్మంలోనే నిలబడ్డారు. మీరు దిద్దాకే కూర్చున్నారు.”