ఆగని చోట మూడు నిమిషాలు

మీరు ఎక్కే బస్సు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో నిర్ణయించినవాడు ఏ రోజున వచ్చి చూసి వెళ్ళాడో మీకు తెలుసా? తెలియదు. మీరు అడగలేదు. నాకు తెలుసు. నర్సీపట్నం వచ్చే ఒక రోడ్డు మీద అలా చూసి వెళ్ళినవాణ్ణి నేనే.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్ళతో పాతికేళ్ళు పోట్లాడాను. తొంభైలలో నాతవరం దగ్గర ఒక ఊళ్ళో చేతబడి చేసిందని ఒక ముసలామెను స్తంభానికి కట్టేస్తే, పంచాయతీ అరుగెక్కి, ఆ చేతబడేదో నా మీద చేయించండని సవాలు చేశాను. నాకు జలుబు కూడా చెయ్యలేదు.

కాబట్టి ఇది చదివి, చివరికి మేష్టారు కూడా దారికొచ్చాడని ఎవరూ సంబరపడొద్దు. నేను ఏ దారికీ రాలేదు. అలిసిపోయాను, అంతే. చూసింది చూసినట్టు రాసి పక్కన పెట్టాలని రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, నర్సీపట్నం చుట్టుపక్కల మండలాల రాకపోకలన్నిటికీ కలిపి ఒక ప్రణాళిక వెయ్యాలని ఒక కమిటీ ఏర్పడింది. కొత్త రోడ్లు, కొత్త బస్సులు ఎవరూ ఇవ్వరు, ఉన్నవాటినే కంప్యూటరు సాయంతో తెలివిగా నడుపుకోవాలి అన్నది దాని సారాంశం. ఎస్. రాయవరం వైపు నుంచి వచ్చే మొదటి బస్సు దిగినవాళ్ళకు నాతవరం బస్సు అందాలి. శివరాత్రికి జరిగే బలిఘట్టం తీర్థానికి ఏ రూటు నుంచి ఎన్ని బస్సులు మళ్ళించాలో ముందే తెలియాలి. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

అప్పుడు నేను హైస్కూల్లో లెక్కల మేష్టారిని. ప్రయాణికుల లెక్క తీసే పని నాకు అప్పగించారు. సర్పంచి బావమరిది ఇంటి ముందొక స్టాపు, గుడి ముందొక స్టాపు అనే రోజులు పోయాయనీ, ఇకనుంచి సిఫార్సు కాదు, అంకె మాట్లాడుతుందనీ మొదటి మీటింగులోనే బల్ల గుద్ది చెప్పాను. చప్పట్లు కొట్టారు.

నాకు సెలవు దొరికేది ఆదివారం. ఆదివారమే ఎస్. రాయవరం మొదటి బస్సెక్కి లెక్క తీశాను. బస్సు కిటకిటలాడింది. రేవు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళకు ఆదివారమే పెద్ద బేరం. బస్సు అలా నిండి ఉంటే అది మామూలు రోజే కదా అనుకున్నాను. దారిలో తెల్ల కల్వర్టు అనే చోట మాత్రం ఒక్కరూ ఎక్కలేదు. ఎదురుగా ఇరవై ముప్పై ఇళ్ళ పేట. ఒక్క మనిషి లేడు.

సున్నా అని రాశాను. అక్కడ రోడ్డు ఎత్తు. బస్సు ఆగితే మళ్ళీ మొదటి గేరులో ఎక్కాలి. ఈ స్టాపు తీసేస్తే మూడు నిమిషాలు కలిసొస్తాయి, నాతవరం బస్సు అందుతుంది అని రిపోర్టులో రాశాను. ఆ మూడు నిమిషాలన్నది నా అంచనా. గడియారం పెట్టి కొలవలేదు.

ఒక సోమవారం నుంచి ఆర్డరు అమలైంది.

ఆ వారంలోనే మార్తమ్మ అనే ఆమె మా స్కూలుకు వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆ పేట ఆమె. నర్సీపట్నంలో ఒక నర్సింగ్ హోములో ఆయా. ఏడింటికల్లా వెళ్ళి రాత్రి ఆయాను ఇంటికి పంపాలి. మొదటి బస్సు తప్పితే షేర్ ఆటోయే గతి, అది నిండితే గాని కదలదు.

"మేస్టారూ, మీరు లెక్కెట్టింది ఆదోరం కాదేటండీ?" అంది.

అవునన్నాను.

"ఆదోరం తెల్లారగట్టే పేటంతా చర్చిలో ఉంటాది. మరి రోడ్డు మీద ఎవులుంటారండీ?"

ఆ మాట వినగానే నా తప్పు నాకు తెలిసిపోయింది. చిన్న పిల్లలు లెక్కలో చేసే తప్పు. నా దృష్టిలో ఆదివారమంటే సెలవు. ఎవరు ఏ గుడికి పోతారో, ఏ చర్చికి పోతారో పట్టించుకోకపోవడమే గొప్ప అనుకునేవాణ్ణి. ఒప్పుకుంటే సరిపోయేది. ఒప్పుకోలేదు. దేవుడి కోసం బస్సు టైములు మార్చలేమమ్మా అన్నాను.

"దేవుడు బస్సెక్కడండీ. నానెక్కుతాను" అంది మార్తమ్మ.

దరఖాస్తు ఇవ్వమన్నాను. మూడు నెలల తరవాత సమీక్ష ఉంటుందన్నాను.

"మూడు నెల్లు డాట్టరుగారు ఆగుతారేటండీ?" అని వెళ్ళిపోయింది. దరఖాస్తు ఇవ్వలేదు. నేనూ ఎవరికీ ఏమీ రాయలేదు.

ఇక పెట్టె సంగతి. ఆర్డరు అమలైన సోమవారమే, ప్రయోగంగా ఆ మొదటి బస్సులో, డ్రైవరు పక్కన, టిఫిన్ డబ్బా అంత పెట్టె బిగించారు. బస్సు ఎక్కడుందో అది ఉపగ్రహాల సాయంతో అర నిమిషానికొక గీత చొప్పున రాసుకుంటుంది. సాయంత్రం కమిటీ ఆఫీసులో దాన్ని కంప్యూటరుకు కలిపితే రోజంతా కాగితం మీదికి వస్తుంది. దాని పాస్‌వర్డు నా ఒక్కడికే తెలుసు.

మొదటి ఐదు రోజుల కాగితాల్లో బస్సు ఉదయం ఆరూ పదికి తెల్ల కల్వర్టు దగ్గర ఆగి ఉంది. రోజూ. మూడు నిమిషాలు.

డ్రైవరు అప్పలనాయుడు జాలిపడి దొంగచాటుగా ఆపుతున్నాడనుకున్నాను. పిలిచి అడిగాను.

"నానాపితే ఒట్టు మేస్టారూ! మీ ఆర్డరు జేబులో ఎట్టుకునే తిరుగుతన్నాను" అన్నాడు.

నేను నమ్మలేదు. మనిషి అబద్ధమాడతాడు, పెట్టె ఆడదు. పై ఆఫీసుకు రాశాను. అతనికి మెమో వచ్చింది.

పట్టుకుందామని ఒక బుధవారం నేనే ఎస్. రాయవరంలో ఆ బస్సెక్కాను. ముందు సీట్లో కూర్చుని చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాను. వెనక చేపల ఆడవాళ్ళు. వాళ్ళలో నూకాలమ్మకు నోరు ఎక్కువ.

"మేస్టారు బస్సుకి నాడి సూత్తన్నారు, ఎవులూ కదలకండర్రా!" అంది. అందరూ నవ్వారు.

బస్సు మూడు నిమిషాలు ముందు చేరాలని వివరించాను.

"బేగెల్తే మా సేపలు లేసి ఈదుతాయేటండీ?" అంది.

కల్వర్టు వచ్చింది. నూకాలమ్మ కిటికీలోంచి బయటికి చెయ్యి ఊపుతూ, ఆపండి ఆపండి అని అరిచింది. అదీ ఎగతాళే అనుకుని తల తిప్పలేదు. బస్సు ఆగలేదు. వేగం కూడా తగ్గలేదు. ఆరూ పదికి కల్వర్టు దాటాం. నర్సీపట్నం సరిగ్గా వేళకు చేరాం. ఇది నా కళ్ళతో, నా గడియారంతో చూసిన సంగతి.

సాయంత్రం కాగితం తీశాను. ఆరూ పదికి బస్సు తెల్ల కల్వర్టు దగ్గర ఆగింది. ఏడు గీతల్లో ఒకటే స్థానం, వేగం సున్నా. ఎనిమిదో గీతలో బస్సు రెండు కిలోమీటర్ల అవతల మలుపులో ఉంది. అర నిమిషంలో రెండు కిలోమీటర్లు! ఆ డొక్కు బస్సు ఇంజను ఊడి పడినా అంత వేగం పోదు. నర్సీపట్నం చేరిన టైము మాత్రం నా గడియారంతో సరిపోయింది.

పెట్టె పెట్టిన కంపెనీ కుర్రవాడు ఫోన్లో తేలిగ్గా తీసేశాడు. సిగ్నల్ పోతే పాత స్థానమే మళ్ళీ మళ్ళీ రాస్తుంది సార్, ఆ గీతలు కొట్టేయండి అన్నాడు. మంచి వివరణ. నేనూ ఒప్పుకున్నాను. అయినా వేరే పెట్టె తెప్పించి మార్చాను. అదే మూడు నిమిషాలు. డిపో వాళ్ళు బస్సునే మార్చారు. అదే మూడు నిమిషాలు.

ఒక సాయంత్రం కాగితాలన్నీ నేల మీద పరిచి వరసగా చూస్తుంటే ఇంకొకటి కనిపించింది. ఆదివారాల్లో బస్సు కల్వర్టు దగ్గర ఆగలేదు. ఒక్క ఆదివారం కూడా. గీతలు శుభ్రంగా ఉన్నాయి, సిగ్నల్ ఎక్కడా పోలేదు.

ఉపగ్రహానికి ఆదివారం తెలియదు. పెట్టెకు అసలే తెలియదు. నాకే తెలియలేదు.

అప్పుడైనా పేటకు వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ఇంకో పది రోజులు చూద్దామనుకున్నాను. ఆ పది రోజుల మధ్యలో, ఒక మంగళవారం నుంచి, మామూలు రోజుల్లోనూ కాగితం శుభ్రమైపోయింది. బస్సు ఆగడం లేదు. హమ్మయ్య, సిగ్నల్ కుదుటపడింది అనుకున్నాను. అప్పలనాయుడి మెమో రద్దు చేయించి, ఆ మాట చెప్పడానికి బస్టాండుకు వెళ్ళాను. మీ బస్సు రికార్డు ఇప్పుడు బాగుందయ్యా, కల్వర్టు దగ్గర ఏ గొడవా లేదు అన్నాను.

అతను బీడీ పారేశాడు. "ఇప్పుడావిడ రావట్నేదు కదండీ" అన్నాడు.

"ఎవరు?"

"మార్తమ్మండీ. బస్సు ఆపరని తెలిసీ రోజూ ఆ ఏలకొచ్చి సెయ్యెత్తేది. మొన్న మంగళారం నుంచి నేదు."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"మీరెక్కిన్నాడు కూడా ఎత్తింది మేస్టారూ. మీరు గడేరం సూత్తన్నారు."

ఆ సాయంత్రం పేటకు వెళ్ళాను. మార్తమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. రోజూ ఆలస్యమవుతోందని సోమవారం పనిలోంచి తీసేశారట. మంగళవారం నుంచి రోడ్డు మీదికి వెళ్ళలేదు.

కల్వర్టు దగ్గర ఎంతసేపు నిలబడేదానివమ్మా అని అడిగాను.

"బస్సొచ్చేదాకా. ఎల్లిపోయాక ఆటో కోసం. మా నూకాలమ్మ లోపల్నుంచి సెయ్యూపేది పాపం" అంది. తరవాత నా వైపు చూసి, "కాపీ తాగుతారేటండీ?" అని అడిగింది.

ఆ కాఫీ తాగలేకపోయాను.

మర్నాడు కమిటీకి రెండు వాక్యాలు రాశాను. లెక్క ఆదివారం తీశాను, అది నా తప్పు. తెల్ల కల్వర్టు స్టాపు మళ్ళీ పెట్టండి. పెట్టారు. బస్సు నిజంగా ఆగింది. పేట నుంచి ఆరుగురు ఎక్కారు. నర్సింగ్ హోములో వేరే ఆయా చేరిపోయింది కాబట్టి వాళ్ళలో మార్తమ్మ లేదు. నేను వెళ్ళి అడిగినా మళ్ళీ తీసుకోలేదు. ఆ సాయంత్రం పెట్టె కాగితం తీస్తే, బస్సు అక్కడ ఆగింది ఒక్క నిమిషం. మూడు కాదు. మూడు నిమిషాలన్నది ఈ ప్రపంచంలో రెండు చోట్లే ఉంది. నా రిపోర్టులో, ఆ కొన్ని వారాల కాగితాల్లో.

ఎవరో పెట్టెను మార్చారనడానికి పాస్‌వర్డు అడ్డం వస్తుంది. సిగ్నల్ అనడానికి ఆదివారాలు అడ్డం వస్తాయి. యాదృచ్ఛికం అందామంటే, ఇంకెవరైనా నా ముందు ఆ మాట అంటే వేదిక మీద నిలదీసేవాణ్ణి. కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. సిరా వెలిసిపోతోంది. వివరణ నాకు తెలియదు. తెలియదు అనడం కూడా హేతువాదమేనని ఎన్నో సభల్లో చెప్పాను. అది అంత బరువైన మాట అని అప్పుడు తెలియదు.

నన్ను వదలని సంగతి మాత్రం పెట్టె కాదు. ఒక మనిషి ఎదురుగా నిలబడి నిజం చెబితే కదలనివాణ్ణి, ఏడు గీతల కాగితం చూసి కదిలాను. అప్పటికి ఆలస్యమైంది.

ఇప్పుడు మీ ఊరికీ ఏదో ఒక ప్రణాళిక వచ్చే ఉంటుంది. నన్ను నమ్మమని అడగను. రేపు ఉదయం, ఆదివారం కాని రోజున, మొదటి బస్సు వేళకు మీ ఊరి రోడ్డు మీదికి వెళ్ళండి. గడియారం జేబులో పెట్టుకోండి. ఎవరు చెయ్యెత్తారో, ఎవరి ముందు బస్సు ఆగకుండా పోయిందో పేర్లతో సహా రాయండి. ఆ కాగితం డిపో మేనేజరు చేతికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టేదాకా అక్కణ్ణుంచి కదలకండి.