తరుగు ఇంకొంచెం వెయ్యప్పా

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నన్ను మోసం చేసే అంగడివాడు ఇంకా పుట్టలేదని. రెండు, మాసిన చొక్కా వేసుకున్నవాళ్లకు లోకం తెలియదని. ఈ రెండు నమ్మకాలతోనే ఒక రోజు పొద్దున, ఒక ముసలాయనకు తొమ్మిదిన్నర బస్సని చెప్పి, నేను ఎనిమిదిన్నర బస్సెక్కి హిందూపురం పోయాను. ఆ తప్పు నాది. పొరపాటున చేసింది కాదు. ముందురోజే ఆలోచించి పెట్టుకుని మరీ చేసింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో సేల్స్‌మన్‌ని. ఇల్లు పెనుకొండలో. అమ్మకున్న బంగారమంతా రెండు గాజులే, ముప్పై గ్రాములు. బోరు ఎండినా, ఆస్పత్రి ఖర్చు వచ్చినా మా ఇంటికి అవే దిక్కు. అందులో ఒకటి అరిగి చీలింది. రెండూ ఇచ్చేసి అవే మాదిరి కొత్తవి చేయించమంది అమ్మ. నేనే పట్టుపట్టి, గాజులు కాదు, రాళ్ల నెక్లెసు తెస్తానన్నాను. (మా అంగడికి వచ్చే ఆడవాళ్ల మెడల్లో చూసి చూసి, మా అమ్మ మెడలో కూడా ఒకటి ఉండాలని నాకు ఆశ పుట్టింది. ఆ ఆశలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను.) అమ్మ ఒకే మాట చెప్పింది. "ఆచారిని పిల్చుకోని పో నాయనా. ఆయప్ప కండ్లకు తెలుస్తాది."

ఆచారి అంటే మా వీధి చివర ఉండే కంసాలి. ఆ గాజులు చేసింది ఆయనే. తాతా అని పిలిచేవాణ్ణి. చొక్కా మీద వక్కాకు మరకలు, దారంతో కట్టిన కళ్లద్దాలు. ఆయన్ను పక్కన పెట్టుకుని ఏసీ అంగడిలోకి, అద్దాల తలుపు తోసుకుని వెళ్లడం నా ఊహకే అందలేదు. సరేనని అమ్మకు చెప్పి, బస్సు టైము మాత్రం మార్చి చెప్పాను.

ఇక అంగడిలో నా ప్రతాపం. మా చీరల వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. గిరాకీ గట్టిగా బేరమాడితే, "ఓనర్ని అడిగొస్తా" అని లోపలికి పోతాం. ఓనరును ఎవరూ అడగరు. నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి ఒక గ్లాసు నీళ్లు తాగి, మొహం దిగాలుగా పెట్టుకుని బయటికొచ్చి, మీ కోసం ఒప్పించానని చెప్తాం. నేను దినానికి ఇరవైసార్లు ఆ నీళ్లు తాగేవాణ్ణి. హిందూపురం అంగడిలో కుర్రాడు కూడా ఓనర్ని అడిగొస్తానని లోపలికి పోయాడు. తిరిగొచ్చేసరికి అతని మీసాల మీద నీటి చుక్కలు ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా, పాపం ఉక్కపోస్తున్నట్టుంది అనుకున్నాను. (ఆ ఏసీ గదిలో.)

గ్రాముకు యాభై రూపాయలు తగ్గించాడు. మజూరి ఫ్రీ అన్నాడు. ఒక పర్సు, ఒక క్యాలెండరు కూడా ఇస్తానన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "తరుగు పన్నెండు శాతం పడుతుంది సార్" అన్నాడు.

నేను రైతు బిడ్డను. నాయన చెనిక్కాయలు (వేరుశనగ) మండీకి వేసినప్పుడల్లా తరుగు మాట విని పెరిగినవాణ్ణి. మట్టి ఉంది, తాలు ఉంది అంటూ కొనేవాడు మూటకింత తరుగు తీసేవాడు. తీసేసిన తూకానికి డబ్బు ఇచ్చేవాడు కాదు. తరుగు పెరిగే కొద్దీ కొనేవాడికి లాభం, అమ్మేవాడికి ఏడుపు. ఇన్నాళ్లూ అమ్మేవాళ్లం మేము. ఈ రోజు కొనేవాణ్ణి నేను. ఎన్నేళ్ల కసి తీర్చుకోవాలి మరి.

"పన్నెండేనా? తరుగు ఇంకొంచెం వెయ్యప్పా" అన్నాను.

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తున్నానేమో అనుకున్నట్టున్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను. మళ్లీ లోపలికి పోయి వచ్చి, "పద్దెనిమిదికి ఒప్పుకున్నారు సార్" అన్నాడు. నేను గెలిచినవాడిలా తల ఊపాను. నగల అంగట్లో తరుగంటే తీసేది కాదు, తయారీలో బంగారం పోతుందని చెప్పి కొనేవాడి నెత్తిన కలిపేదని నాకెవరు చెప్తారు? చెప్పగలిగినవాణ్ణి పెనుకొండ బస్టాండులో వదిలి వచ్చాను గదా. బిల్లు మొత్తం నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ వచ్చినప్పుడు, ట్యాక్సులేమోలే అనుకుని ఎనిమిది నెలలు దాచిన డబ్బు తీసి ఇచ్చాను.

నెల తిరగకముందే నెక్లెసు కొక్కెం ఊడింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆచారి ఇంటికి పోయింది. నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆయన నెక్లెసును అరచేతిలో వేసి ఎగరేసి చూశాడు, తిప్పి వెనక భాగం చూశాడు, బిల్లు అడిగి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. "బంగారు మంచిదేనమ్మా. కొక్కెం ఒకటే పోయింది. పిల్లోడు సాయంత్రం వచ్చి తీసుకుంటాడులే" అని అమ్మను పంపించేశాడు.

సాయంత్రం నేనొక్కణ్ణే పోయాను. ఆయన గొంతు పెంచకుండానే లెక్క విప్పి చెప్పాడు. ముప్పై రెండు గ్రాములని బిల్లులో రాసిన తూకంలో రాళ్లు, వాటి వెనక నింపిన లక్క కలిపి ఎనిమిది గ్రాములు. వాటికీ బంగారం ధరే కట్టాను. పాత గాజుల్లో టంకం ఉందని నాలుగు గ్రాములు కోసుకున్నారు. వాటి పైన ఆ పద్దెనిమిది. అంటే ముప్పై గ్రాములిచ్చి, పైన డబ్బిచ్చి, ఇరవై నాలుగు గ్రాములు తెచ్చుకున్నాను. తరుగు సంగతి అడిగితే, నేను మండీ లెక్క చెప్పాను. ఆయన చేతిలోని పటకారు కింద పెట్టి, కళ్లద్దాలు తీసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. బస్సు విషయం చెప్పేశాను.

"తెలుసులేప్పా" అన్నాడు. "నేను ముందే వచ్చి టీ అంగడికాడ కూర్చోనుంటి. నువ్వు బస్సెక్కేది చూస్తి. పిలుద్దామనుకుంటి. తల దించుకోని పోతాండావే, పిలిస్తే నీకు ఇబ్బందని ఊరకుంటి."

ఇంటికి పోయి అమ్మకు మొత్తం చెప్పాను. ఆరు గ్రాములు పోయాయని ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు. "దుడ్లు పోతే పోనీ. పెద్దమనిషిని ఆడ నిలబెట్టి ఎట్ల పోతివిరా?" రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ అన్నం మాత్రం వేళకు పెట్టింది. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఆ ఆరు గ్రాములు కూడబెట్టడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఈసారి ఆచారితో కలిసి హిందూపురం పోయాను. ఆయన చెప్పులు బయటే విడిచి, ఒట్టి కాళ్లతో ఆ చల్లని నేల మీద నడిచి, కుర్చీలో కూర్చుని, రాయీ రప్పా లేని బంగారు బిళ్ల మాత్రమే చూపించమన్నాడు. హాల్‌మార్కు గుర్తు తన భూతద్దంతో చూశాడు. తరుగు ఎంత, మజూరి ఎంత, విడివిడిగా రాసి ఇయ్యమన్నాడు. కాఫీ ఇస్తే రెండుసార్లు తాగాడు.

నెక్లెసు రాళ్లు ఊడబీకి, నా కళ్ల ముందే కరిగించి, మళ్లీ గాజులే చేశాడు. అప్పటికే ఆయనకు ఊపిరి చాలేది కాదు. నాలుగు ఆదివారాలు కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టం నేనే ఊదాను. చీరలు మడతేసేవాడికి ఊపిరి యాడుంటాదని తిడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ కుంపటి వెలిగించలేదు. అమ్మ గాజులే ఆయన చివరి పని.

గాజులు చేతికిచ్చి మజూరి చెప్పాడు. బేరమాడకుండా లెక్కపెట్టి ఇచ్చాను. నా జీవితంలో అదే మొదటిసారి. ఆయన నన్ను అనుమానంగా చూసి, "ఇంత సులువుగా ఇస్తావని తెల్సింటే ఇంకో రెండు నూర్లు చెప్పిందును గదప్పా" అన్నాడు. జేబులోంచి ఆ రెండు నూర్లు కూడా తీసి ముందు పెట్టాను. వద్దంటాడేమో, నన్ను ఇంకా దూరంగానే ఉంచుతాడేమో అని ఒక్క క్షణం భయపడ్డాను. అనలేదు. నోట్లు మడిచి నడుము దగ్గర దోపుకుని, "రా, టీ తాగుదాం. నువ్వే ఇప్పించల్ల" అని లేచాడు. నేను ఆయన కర్ర అందించి, ఆయన నడకకు సరిపోయేలా మెల్లగా, వీధి నడిమధ్యలో, అందరూ చూస్తుండగా పక్కన నడిచాను.